మిరపకాయ వేసిన పెరుగు

అక్షరాల బోర్డులో ఆఖరి వరుస చదివాక కూడా మద్దిలేటి ఆగలేదు. దాని కింద ఒక మూలగా ఉన్న, బోర్డును అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివేశాడు.

అక్కడ ప్రెస్సు పేరు ఉందన్న సంగతి డాక్టర్ నాగవేణికే తెలియదు. తలుపు దగ్గర నుంచి లోపలికి వచ్చి, కళ్లజోడు పైకి నెట్టుకుని, బోర్డుకు ముక్కు ఆనించినంత పని చేసి చూసింది. ఉంది. వెనక్కి తిరిగేసరికి ఆమెతో కలిసి పనిచేసే ఇంతియాజ్ చేతిలో టీ గ్లాసు సంగతి మరిచిపోయి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మామూలుగా ఇంతియాజ్ దేనికీ నోరు తెరిచే రకం కాదు. పెళ్లి మాటలప్పుడు కూడా తెరవలేదని వాళ్లమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మద్దిలేటి నాగవేణికి మేనమామ. డోన్ జంక్షన్‌లో గూడ్సు బండ్లు నడిపిన లోకో పైలట్. చక్కెర జబ్బు ఆయన కంటి వెనక తెరలో ఉండే సన్నటి రక్తనాళాలకు తూట్లు పొడిచింది. రైల్వే డాక్టర్లు పరీక్ష చేసి, ఇంజిన్ దింపి, ఆఫీసులో కుర్చీ చూపించారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి ఆయనకు కావలసింది ఒక్కటే. మళ్లీ ఇంజిన్ ఎక్కాలి. ఎక్కాలంటే రైల్వే వాళ్ల కంటి పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష కార్తీకమాసం చివర్లో ఉంది.

ఉల్లిపాయతో చూపు తిరిగొస్తుందంటే మొదట్లో ఆయన కూడా నమ్మలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉల్లిపాయలు తింటూనే ఉన్నాను, వాటికంత మహత్తు ఉంటే నా కళ్లు ఎందుకు పోయాయని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. నాగవేణి ఉపన్యాసం ఇవ్వకుండా ఆయన చేతికి ఒక సీసా ఇచ్చి మూత్రం పట్టుకు రమ్మంది. దాన్ని నీలి దీపం కింద పెట్టింది. ఉల్లికారంతో రొట్టె తిన్న పూట సీసా ఆకుపచ్చగా మెరిసింది. మర్నాడు పట్టిన సీసాలో ఆ మెరుపు లేదు.

"తిన్నదంతా వచ్చిన దారినే పోతాండాది మామా. నీ కంటిదాకా ఒక్క చుక్క గూడా చేరల్యా," అంది.

సంగతి అదే. ఎండ నుంచీ పురుగుల నుంచీ కాపాడుకోవడానికి మొక్కలు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను తయారుచేసుకుంటాయి. ఉల్లిలో ఉండేది క్వెర్సెటిన్. ఎంత మంచిదైతేనేం, మన ఒంటికి అది పరాయిదే. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని ముక్కలు చేస్తాయి. కాలేయం వాటికి ముద్ర కొట్టి బయటికి సాగనంపుతుంది. ఆ సాగనంపడం ఆపాలన్నదే కర్నూలు ఉల్లి మార్కెట్ వెనక సందులో ఉన్న ఆ చిన్న ప్రయోగశాల పంతం.

దాని కోసం ఇంతియాజ్ ఏళ్ల తరబడి ఒక సూక్ష్మజీవిని పెంచాడు. అది ఉల్లిలోని క్వెర్సెటిన్‌కు అంటుకుని ఉండే చక్కెర ముడి విప్పుతుంది. లోపలిదాన్ని కాలేయం గుర్తుపట్టలేని ఆకారంలోకి వంచుతుంది. అలా వంగిన అణువు రక్తంతోపాటు కంటిదాకా వెళ్లి, నాళాల తూట్ల మీద అతుకులా కూర్చుంటుంది. అందులో కొంచెం మాత్రం మూత్రంలోకి దిగి, ఒంట్లో ఆ జీవి ఉన్నన్నాళ్లూ సీసాను రోజూ, ఉత్త ఉల్లి మెరుపు కన్నా గట్టిగా మెరిపిస్తుంది. ఆ జీవిని పెరుగులో కలిపి ఇచ్చేవాళ్లు గనక అందరూ దాన్ని తోడు అనేవాళ్లు. మద్దిలేటి సొంత మనిషి కాబట్టి ఆయన పరీక్షలన్నీ ఇంతియాజే చూడాలని ప్రయోగాన్ని పర్యవేక్షించే కమిటీ షరతు పెట్టింది. నాగవేణి ఒప్పుకుంది గానీ, ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడి తొంగిచూసేది.

ప్రయోగానికి ఒక తాళం కూడా పెట్టుకున్నారు. తోడుకు ఉల్లి తప్ప వేరే తిండి లేదు. ఏ తేడా వచ్చినా ఉల్లి మానేస్తే చాలు, ఆకలికి మాడి చస్తుంది. ఉత్త పాలలోనూ బతకదని ఇంతియాజ్ మళ్లీ మళ్లీ పరీక్షించి చూసుకున్నాడు. ఉపవాసాల సంగతి కూడా ఆలోచించి, రంజాన్ నెలలో ఉల్లి ఏ వేళ తినాలో నిబంధనల్లో చేర్చాడు. కార్తీకం సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. నాగవేణి హాస్టళ్లలో పెరిగిన పిల్ల. అక్కడ కార్తీకమైనా ఆషాఢమైనా అదే ఉల్లి సాంబారు.

ఇక డోన్ రైల్వే క్వార్టర్సులో ఆ నెలలన్నీ పండగే. మద్దిలేటి భార్య ఈశ్వరమ్మ పొద్దున బొరుగుల ఉగ్గానిలో ఉల్లి, మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి ఉల్లికారం, రాత్రికి పులుసులో ఉల్లి పెట్టింది. ఇంట్లో అడుగుపెట్టిన వాళ్లకు కళ్లు మండి నీళ్లొచ్చేవి. ఆమెకు మాత్రం మొగుడి కళ్లు చూసినప్పుడే వచ్చేవి.

మద్దిలేటి సాయంత్రం వరండాలో కూర్చుని, దూరంగా పోయే గూడ్సు బండి వ్యాగన్ల మీది నంబర్లు బిగ్గరగా చదివేవాడు. ఒప్పో తప్పో తేల్చగలిగే చూపు చుట్టుపక్కల ఎవరికీ లేదు గనక అందరూ ఒప్పుకునేవాళ్లు. రానురాను ఒప్పుకోకపోవడం మొదలైంది. ఎదురింట్లో ఉండే రిటైరైన గేట్‌మన్ కంబగిరి ఒక సాయంత్రం కుర్చీలోంచి కదలకుండానే, అది ఆరు కాదప్పా, ఎనిమిది అన్నాడు. నిజంగానే ఎనిమిది. పూలు కట్టే హుసేనమ్మ ఎవరి సాయం లేకుండా సూదిలో దారం ఎక్కించుకోసాగింది. ఇదంతా పొద్దున నడకవల్లనే అని కంబగిరి, ములక్కాయల వల్ల అని హుసేనమ్మ వాదులాడుకున్నారు.

పక్క క్వార్టర్లో ఉండే సుభాషిణి మాత్రం ఈ సంబరంలో లేదు. సిగ్నల్ మెకానిక్ భార్య, ఆరో నెల కడుపుతో ఉంది. ముందు బాగానే ఉండేది గానీ, ఈ మధ్య మొహంలో నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. డాక్టర్లు ఇనుము మాత్రలు ఇస్తున్నారు, ఆమె మింగుతోంది, ఒంటికి రక్తం మాత్రం పట్టడం లేదు. కూరగాయలు తరుగుతూ తరుగుతూనే గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. ఈశ్వరమ్మ ప్రాణం ఉండబట్టలేక ఆ పిల్లకు రోజూ ఏదో ఒకటి పంపించేది.

రైల్వే పరీక్షకు కొద్ది రోజుల ముందు, కార్తీకం సగంలో, మద్దిలేటి ఆఖరిసారి చూపించుకోవడానికి కర్నూలు వచ్చాడు. సోమవారం కదా, శివాలయానికి వెళ్లొచ్చని ఈశ్వరమ్మ కూడా బయల్దేరింది. మద్దిలేటి సీసాతో పోల్చి చూసుకోవడానికి ఇంతియాజ్‌కు మామూలు మనిషి సీసా ఒకటి కావాలి. ఎప్పుడూ ఇచ్చే వాచ్‌మన్ ఆవేళ సెలవు. మీరు ఇస్తారా అని ఈశ్వరమ్మను మొహమాటపడుతూ అడిగాడు. ఆమె నవ్వుకుంటూ ఇచ్చింది.

నీలి దీపం కింద రెండు సీసాలూ మెరిశాయి. ఈశ్వరమ్మ సీసా కాస్త ఎక్కువే మెరిసింది.

సీసాలు తారుమారయ్యాయేమో అని ఇంతియాజ్ మళ్లీ చేశాడు. మళ్లీ అదే. దీపం చెడిపోయిందేమో అని మంచినీళ్లు పెట్టి చూశాడు. మెరుపు లేదు. అప్పుడు నాగవేణిని కేకేశాడు. ఆమె వచ్చి చూసి, మామకిచ్చిన పెరుగు నువ్వు గానీ తిన్నావా అత్తా అని అడిగింది. మందు పెరుగు నేనెందుకు తింటానని ఈశ్వరమ్మ విసుక్కుంది. తరవాత కొంచెం ఆలోచించి, గిన్నె అడుగున మిగిలింది కడిగి పారబోయడానికి చేతులు రాక, పాలలో కలిపి తోడేసుకున్నానని చెప్పింది. మొదటిసారి తెచ్చుకున్నప్పటి నుంచీ, ఎండాకాలం నుంచీ, ఇంట్లో పెరుగంతా ఆ తోడుదేనట.

అది వారానికి మించి పాలలో బతకదే అన్నాడు ఇంతియాజ్. బతికినా భయం లేదు, ఉల్లి ఆపేస్తే అంతటితో సరి అంది నాగవేణి.

"మా ఇంట్లో ఉల్లి యాడుండాది?" అంది ఈశ్వరమ్మ. "దీపావళి మర్నాటి నుంచి ముట్టల్యా. కార్తీకం గదా."

మొగుడి కళ్లు బాగైతే ఈ కార్తీకం ఇంటిల్లిపాదీ ఉల్లీ వెల్లుల్లీ ముట్టకుండా నిష్ఠగా ఉంటామని ఆమె మొక్కుకుంది. ఒక్క నెలే కదా అని మద్దిలేటి సరేనన్నాడు, మేనకోడలు తిడుతుందని చెప్పలేదు. ఉల్లి లేదు. అయినా ఆయన సీసా మెరుస్తోంది, ఆమె సీసా మెరుస్తోంది. పెట్టుకున్న తాళం ఎప్పుడో ఊడిపోయిందన్న మాట.

నాగవేణి గొంతు తగ్గించి, తోడు ఎలా వేస్తావో చెప్పమంది. ఇంత చదువుకున్న పిల్లకు తోడెయ్యడం రాదా అని ఈశ్వరమ్మ జాలిపడి, చేతులు తిప్పుతూ చెప్పింది. గోరువెచ్చటి పాలు. ఒక చెంచా పెరుగు. గట్టిగా తోడుకోవడానికి తొడిమతో సహా ఒక ఎండుమిరపకాయ.

ఇంతియాజ్ స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. మిరపకాయలోనూ ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. ఉల్లిదానికి చుట్టమే, చక్కెర ముడి వేరు. ఈశ్వరమ్మ కుండలో నెలల తరబడి మిరపకాయతో కాపురం చేసి, ఆ జీవి ఆ ముడి విప్పడం కూడా నేర్చేసుకుంది. ప్రయోగశాలలో పాలు పోసి పరీక్షించిన వాళ్లకు పాలలో మిరపకాయ వెయ్యాలని ఎందుకు తోస్తుంది. భయపడాల్సిన చోట ఇంతియాజ్ కళ్లు తళతళలాడాయి. తను పెంచిన జీవి తనంతట తాను చదువుకుంది. మరుక్షణం భయం కూడా వచ్చింది. ఉల్లిపాయ ఆపమంటే కార్తీకంలోనైనా ఆపుతారు, కర్నూలు జిల్లాలో కారం ఆపమంటే ఎవరు ఆపుతారు.

ఈ తోడు ఇంకెవరికైనా ఇచ్చావా అని నాగవేణి అడిగింది.

"అడిగినోళ్లకల్లా ఇచ్చినా. తోడు అడిగితే ల్యాదంటారా యాడన్నా?"

ఆ సాయంత్రానికే నాగవేణి, ఇంతియాజ్ నీలి దీపం పట్టుకుని డోన్ చేరారు. ఇల్లిల్లూ తిరిగారు. కంబగిరి సీసా మెరిసింది, హుసేనమ్మ సీసా మెరిసింది, స్టేషన్ మాస్టర్ అత్తగారిది కూడా మెరిసింది. వద్దన్నా వినకుండా జనం సీసాలతో వరుస కట్టారు. తన సీసా హుసేనమ్మ సీసా కన్నా బాగా వెలుగుతోందని కంబగిరి గొప్పలు పోయాడు. కొత్త ఆకారపు అణువు ఇంతమంది ఒంట్లో, ఇంత నిబ్బరంగా నిలిచి పనిచేస్తుందని నాగవేణి కలలో కూడా అనుకోలేదు. చూసిన సీసానే మళ్లీ మళ్లీ దీపం కింద పెట్టి చూసింది. అది సంతోషమో కంగారో ఆమెకే తెలియలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా మెరిసింది సుభాషిణి సీసా. ఆ వెలుగు పక్కనే ఆమె మొహం సున్నం కొట్టినట్టు ఉంది. నాగవేణి ఆ పిల్ల కింది రెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది, మాత్రల పేర్లు అడిగింది. కడుపుతో ఉందని ఆమెకు మాత్రం రోజూ రెండు గిన్నెలు పంపుతున్నానని ఈశ్వరమ్మ పక్కనుంచి మురిపెంగా చెప్పింది.

మర్నాడు పొద్దున ప్రయోగశాలలో నాగవేణి సుభాషిణి సీసాను దీపం కింద పెట్టి, అందులో ఇనుము మాత్ర కరిగించిన నీళ్లు ఒక చుక్క వేసింది. ఆకుపచ్చ మెరుపు చప్పున ఆరిపోయింది. సీసా అడుగున సిరాలాంటి నలుపు దిగింది. ఆమెకు అంతా అర్థమైంది. ఆ అణువు కంటి నాళాల తూట్లు ఏ చేతులతో మూస్తుందో, ఆ చేతులతోనే తిండిలోని ఇనుమును పట్టుకుని వదలడం లేదు. ఇన్నేళ్లూ మాంసం తిని, కారం తిని, గట్టిగా ఉన్న మద్దిలేటికి అది లెక్కలోది కాదు. ఇద్దరికి సరిపడా రక్తం కావలసిన పిల్లకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది.

ఆ పూటే ఆమె కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ప్రయోగం ఆపమన్నారు. తోడును చంపే మందు ఉంది. కానీ క్వార్టర్సులో అందరూ ఒకేసారి మింగాలి, ఇళ్లలో పెరుగంతా పారబోయాలి, కుండలు మరగబెట్టుకోవాలి. ఒక్క ఇంట్లో మిగిలినా చాలు, మళ్లీ గిన్నెలు చేతులు మారతాయి.

మందు మింగితే మద్దిలేటి కంటి అతుకులు కొద్ది రోజుల్లో ఊడిపోతాయి. రైల్వే పరీక్ష పై వారం గురువారమే.

ఈ సంగతి చెప్పడానికి డోన్ వచ్చిన మేనకోడలిని ఈశ్వరమ్మ వంటింట్లోకి పిలిచి గడప దగ్గరే పట్టుకుంది. నాలుగు రోజులు ఆగితే ఏం కొంపలు మునుగుతాయని అడిగింది. గురువారం దాటనియ్యి, తరవాత నువ్వు విషం ఇచ్చినా తాగుతామంది. అంటూ అంటూనే పక్కింటి వైపు చూసి, నేనే పెట్టి చంపుతున్నానే ఆ బిడ్డను అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రెండు మాటలూ ఆమె మనస్ఫూర్తిగానే అంది. నాగవేణికి కూడా గురువారం దాకా ఆగాలనే ఉంది. చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించిన మామ ఇంజిన్ ఎక్కుతుంటే చూడాలని ఆమెకు మాత్రం ఉండదా.

ఇంతియాజ్ ఒక ఉపాయం చెప్పాడు. క్వార్టర్సులో వాళ్లందరికీ ఇప్పుడే మందు ఇచ్చేద్దాం, కమిటీని అడిగి మద్దిలేటిని మాత్రం పరీక్ష అయ్యేదాకా కర్నూలులో విడిగా ఉంచుదాం, ఎవరికీ అంటదు కదా అన్నాడు. నాగవేణి మామ వైపు ఆశగా చూసింది.

మద్దిలేటి వరండాలో కుర్చీ పట్టాల వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అప్పుడే వచ్చిన గూడ్సు బండి నంబర్లు చదవసాగాడు.

"పరీక్ష నెగ్గుతా. ఇంజిన్ ఎక్కుతా. పది రోజులకు కండ్లు మసకబారుతాయి," అన్నాడు చివరికి. "నా వెనకాల యాభై ఎనిమిది వ్యాగన్లుంటాయి పాపా. ముందర సిగ్నలు ఎరుపో పచ్చో తెలియకపోతే, నెగ్గిన కాగితం చూపిస్తే బండి ఆగుతాదా?"

ఆయన ఎవరి మీదా కోపంగా లేడు. కళ్లలో నీళ్లు మాత్రం కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. వ్యాగన్లు పోతుంటే చదవడం మానలేదు.

ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో అందరినీ పోగుచేశారు. నాగవేణి చెప్పింది విని జనం ఒప్పుకోలేదు. వాళ్లది మాత్రం తప్పా. పేపరు కళ్లజోడు లేకుండా చదువుతున్న మనిషిని మళ్లీ కళ్లజోడు పెట్టుకోమంటే ఎందుకు పెట్టుకుంటాడు. ఆ పిల్ల ఒక్కత్తికి మందిస్తే పోయేదానికి మా అందరికీ ఎందుకని స్టేషన్ మాస్టర్ అత్తగారు అడిగింది. హుసేనమ్మ పూలబుట్ట మీద చేతులు పెట్టుకుని తల వంచుకుంది. సుభాషిణి వెనక వరసలో మొగుడి భుజానికి ఆనుకుని ఉంది, ఎవరి వైపూ చూడలేదు.

మద్దిలేటి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. అందరికన్నా ఎక్కువ పోయేది ఎవరికో ఆ హాల్లో తెలియని వాళ్లు లేరు. గురువారం సంగతి కూడా తెలుసు. ఆయన మాత్రలు అరచేతిలో వేసుకుని, సీసా మీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చువేసి ఉన్న మందు పేరు, తయారైన ఊరు, గడువు తేదీ, అన్నీ పైకి చదివాడు. ఎక్కడా తడబడలేదు. ఆపైన నీళ్లు అడిగి మింగేశాడు.

ఆయన తరవాత ఈశ్వరమ్మ మింగింది. తరవాత హుసేనమ్మ లేచింది. కంబగిరి చాలాసేపు గొణిగి, అందరూ చూస్తున్నారని లేచాడు. స్టేషన్ మాస్టర్ అత్తగారు ఆఖరున వచ్చింది గానీ, వచ్చింది. ఆ సాయంత్రం క్వార్టర్సు వెనక కాలవ తెల్లగా పారింది. పెరుగు పారబోయడం పాపమని ఆడవాళ్లు లెంపలేసుకుంటూనే పారబోశారు.

గురువారం మద్దిలేటి పరీక్షకు వెళ్లలేదు. తాను ఈసారికి ఇంజిన్‌కు పనికిరానని ముందే రాసిచ్చేసి, ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తిన్నాడు.

పుష్యం వచ్చేసరికి సుభాషిణి మొహంలో రంగు తేలింది. మాత్రలు ఒంటికి పట్టాయి. ఈశ్వరమ్మ ఫోను చేసి, పిల్ల మెట్లెక్కుతోంది, అరుస్తోంది, మొగుడితో గొడవ కూడా పెట్టుకుందని నాగవేణికి సంబరంగా చెప్పింది.

ఆ వారమే మద్దిలేటి కర్నూలు వచ్చి బోర్డు ముందు కూర్చున్నాడు. పై అక్షరం చదివాడు. రెండో వరుసలో సగం చదివాడు. మూడో వరుస దగ్గర ఆగి, ఇక కనపడడం లేదని మామూలుగా చెప్పాడు. నాగవేణి తలుపు దగ్గరే నిలబడి ఏడ్చేసింది. ఏళ్ల పని పోయినందుకు కాదు, మామ అంత మామూలుగా చెప్పినందుకు.

ఇంతియాజ్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక కాగితం మీద గీసిన బొమ్మ ఆయన ముందు పెట్టాడు. ఆ అణువు ఇనుమును ఏ చోట పట్టుకుంటోందో కనిపెట్టామన్నాడు. ఆ ఒక్క చోటు మూసేస్తే తూట్లు పూడుస్తుంది గానీ ఇనుము జోలికి పోదు. అలా పెంచడానికి ఏడాది పడుతుంది. కమిటీ మళ్లీ అనుమతి ఇస్తుందో ఇవ్వదో తెలియదు. ఇచ్చినా నెగ్గుతుందన్న నమ్మకం లేదు. అన్నీ దాచకుండా చెప్పాడు.

మద్దిలేటి కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. గీతలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. అయినా చాలాసేపు చూశాడు. ఆ తరవాత గడ్డం తీసుకెళ్లి కంటి లోపలి ఫొటో తీసే కెమెరా మీద ఆనించి, దీపం వెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

"యాడాదే గదా," అన్నాడు తలుపు దగ్గరున్న మేనకోడలితో. "నాకింకా ఆరేండ్ల సర్వీసుండాది. మొదులుపెట్టు పాపా."